ముచ్చిక

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకి ముచ్చికలు తుంచే పని నాది.
కిలోకి ఇంతని లెక్క.
బొటనవేలి గోరు ఏడాదంతా ఎర్రగానే ఉండిద్ది.
పిల్లదానికి జడేసేటప్పుడు
చేతికి గుడ్డ చుట్టుకుంటాను.

నా గుండె ఎప్పుడు పరిగెత్తిద్దో
నాకే తెలిసేది కాదు.
ముఠావాళ్లు టిక్కీ దబ్బున పడేసినప్పుడు ఒకసారి,
ఏమీ పడకుండానే ఇంకోసారి.
వంగి చెప్పు తొడుక్కుంటుంటే.
నవ్వుతుంటే కూడా.

మెల్లగా ఎక్కేది కాదది,
స్విచ్చి నొక్కినట్టే.
పక్కనున్న దీవెనమ్మ నా రవిక వంక చూసి
"లోపల కోడిపిల్లని దాచావా ఏందే" అనేది.

లేచి నీళ్ల డ్రమ్ము కాడికి పోయేదాన్ని.
మొహమంతా ముంచి ఊపిరి బిగబట్టేదాన్ని,
అడుగున పాచి కనపడేదాకా.
ఒక్కోసారి ఆగేది,
ఎంత టక్కున వచ్చిందో అంత టక్కున.
ఘాటుకి కడుక్కుంటందిలే అనుకునేవాళ్లు.
మేస్త్రీ చాంద్‌బాషా మాత్రం
నేను లేచినప్పుడల్లా గోడ మీద
సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు.

ఈ వైద్యం ఎవరూ నేర్పలేదు.
పదకొండేళ్లప్పుడు కొమ్మమూరు కాలవలో జారిపడితే
అప్పటిదాకా ఎగిరెగిరి పడుతున్న గుండె
నీళ్లలో నిలబడింది.
ఒడ్డుకి లాగి మాయమ్మ కొట్టింది.
ఆ దెబ్బలు గుర్తులేవు.

ఆరెంపీ నరాల బలహీనతన్నాడు.
పాస్టరుగారు నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశాడు.
మా ఆయన ఏసురత్నం "నీది పిరికిగుండె సలోమీ" అని తేల్చాడు.
పాకలోకి పాము దూరితే
మంచమెక్కింది ఆయన,
చీపురు తిరగేసింది నేను.
అయినా పిరికిదాన్ని నేనే.
ఇరవైమూడేళ్లు.

పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
పొడుగు కాయితం మీద వేలు పెట్టి చూపించింది.
"ఈ గీత నిటారుగా లేవాలమ్మా.
నీది ముందే ఒరిగి, ఏటవాలుగా ఎక్కుతోంది."
లారీకి టిక్కీలెక్కించే బల్ల గుర్తొచ్చింది నాకు.

పై గదుల నించి కింది గదులకి
కరెంటు దిగేది ఒకటే దారంట.
మధ్యలో ఒక గేటు, కాసేపు ఆపి వదిలిద్దంట.
నాకు పుట్టుకతోనే ఇంకో పోగు ఉందంట,
గేటు లేనిది.
ఈ దారిన దిగి ఆ దారిన ఎక్కి
మళ్లీ ఈ దారినే దిగి...
పాసు లేకుండా యార్డు వెనకగోడ సందులోంచి
తిరిగిన బండే తిరిగినట్టు.

"భయం వల్ల కాదా?" అడిగాను.
"కాదు."
ఆ కాదుని ఒళ్లో పెట్టుకుని
ఆటోలో ఇంటికొచ్చాను.

తొడ కాడ నించి తీగ పోనిచ్చారు.
మెలకువగానే ఉన్నాను.
"ఇప్పుడు మేమే పరిగెత్తిస్తాం, కంగారుపడకు."
పరిగెత్తింది.
అక్కడ డ్రమ్ము లేదు,
కళ్లు మూసుకుని కాలవలో మునిగాను.
"దొరికింది" అన్నారెవరో.
వెంట్రుకంత.
"కొంచెం మంటగా ఉంటుంది" అంది డాక్టరమ్మ.
నాకు నవ్వొచ్చింది.
గుంటూరు మిరపకాయల్లో చేతులు నానినదానికి
మంట గురించి చెప్పటం!

ఛాతీలో సూదిమొనంత కారం.
తెరమీద గీత నిటారుగా లేచింది.
నాకు ఇంకేమీ తెలియలేదు,
ముచ్చిక తుంచినప్పుడు
కాయకి మాత్రం ఏం తెలిసిద్ది.

"ఇంక భయం లేదుగా" అన్నాడు ఏసురత్నం.
పళ్లెం ముందుకి జరిపాను.
ఉప్పు ఎక్కువైందేమో, చూడమన్నాను.

నెల తర్వాత పనిలోకి పోయాను.
మధ్యాహ్నం టిక్కీ పడింది, దబ్బున.
చేతులాపి కూర్చున్నాను దానికోసం.
రాలేదు.
దీవెనమ్మ నా రవిక వంక చూసి ఏమీ అనలేదు.
కాసేపు ఏం చేయాలో తోచలేదు.

సాయంత్రం తూకమయ్యాక
గోడ మీద పాత గీతలే ఉన్నాయి.
పోతూ పోతూ డ్రమ్ము కాడ ఆగి
మొహం ముంచాను,
ఊరికే.
అడుగున పాచి
అట్టాగే ఉంది.